క్యూఎములో కొత్త పరికరం రాయడం ఎలా: ప్రాపర్టీలు, పరికరాల మధ్య సంబంధాలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలల్లో చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ఎంబెడెడ్ రంగాన్ని ఎంచుకున్న విద్యార్థులు చాలామంది బోర్డు చేతికి అందేదాకా ఫర్మ్‌వేర్ (బోర్డు చిప్ మీద నేరుగా నడిచే ప్రోగ్రామ్) పనిని పక్కన పెడతారు. అలా ఆగవలసిన అవసరం లేదు. బోర్డు మీద ఏయే చిప్‌లు ఉన్నాయో, అవి ఎలా ప్రవర్తిస్తాయో డేటాషీట్లు చెబుతున్నంతవరకు, ఆ బోర్డును ల్యాప్‌టాప్‌లోనే సాఫ్ట్‌వేర్‌గా నిర్మించి, అసలు బోర్డు మీద నడవవలసిన ఫర్మ్‌వేర్‌నే దానిమీద నడిపించవచ్చు. ఇందుకు క్యూఎము అనే ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్ ఉంది. అందులో ఒక పరికరానికి రిజిస్టర్లు (పరికరంతో మాట్లాడటానికి ప్రాసెసర్ వాడే చిన్న నిల్వ గళ్లు) చదివే, రాసే కోడ్‌ను సి భాష బాగా వచ్చినవారు త్వరగానే రాయగలరు. ఆ పరికరానికి ఏయే ప్రాపర్టీలు (పేరుతో బయటికి కనిపించే అమరికలు) ఉండాలి, బోర్డు మీది మిగతా పరికరాలతో దానికి ఏ సంబంధం ఉండాలి అని తేల్చే చోటే ఎక్కువమంది చిక్కుకుంటారు. ఈ వ్యాసం ఆ భాగాన్ని మాత్రమే చెబుతుంది.

ఫంక్షన్ల పేర్లను, కమాండ్లను ఇక్కడ ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో రాశాను. సోర్స్ కోడ్‌లో వెతికేటప్పుడు అవే పేర్లను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో (మాక్రోలనైతే పెద్ద అక్షరాల్లో), ఫంక్షన్లకు, మాక్రోలకు పదాల మధ్య అండర్‌స్కోర్ పెట్టి వెతకండి.

నమూనాగా తీసుకునే బోర్డు

గుంటూరు మిర్చి యార్డుకు వచ్చి వెంటనే అమ్ముడుపోని సరుకు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు చేరుతుంది. రెండు గదులున్న చిన్న కోల్డ్ స్టోరేజీ కోసం ఉష్ణోగ్రతను గమనించి కంప్రెసర్లను నడిపే బోర్డును తయారుచేస్తున్నామని అనుకుందాం. దానిమీద ఒక ఆర్మ్ ప్రాసెసర్, ర్యామ్, పీఎల్011 సీరియల్ పోర్టు, ఒక ఐ2సీ (చిన్న చిప్‌లను రెండు తీగల మీద కలిపే బస్) కంట్రోలర్, గదికొకటి చొప్పున రెండు టీఎంపీ105 ఉష్ణోగ్రత సెన్సర్లు, వీటితోపాటు మనం కొత్తగా రాయబోయే కంప్రెసర్ కంట్రోలర్ ఉంటాయి. టీఎంపీ105ను ఎంచుకోవడానికి కారణం ఉంది. దాని నమూనా క్యూఎములో ముందే సిద్ధంగా ఉంది కాబట్టి, మనం రాసే పరికరం ఇతరులు రాసిన పరికరంతో ఎలా కలవాలో చూడటానికి అది బాగా పనికివస్తుంది. ఆ చిప్‌కు చిరునామా పిన్ ఒక్కటే ఉండటంవల్ల ఒక ఐ2సీ బస్ మీద రెండు సెన్సర్లను మాత్రమే పెట్టగలం. మన రెండు గదులకు హెక్సాడెసిమల్ 48, 49 చిరునామాలు సరిపోతాయి.

కంప్రెసర్ కంట్రోలర్ ఊహించినదే అయినా దాని పని నిజమైనదే. దానికి రెండు రిలే అవుట్‌పుట్లు, సెన్సర్ల అలర్ట్ (హెచ్చరిక) పిన్‌ల నుంచి వచ్చే రెండు ఇన్‌పుట్లు, ప్రాసెసర్ దృష్టిని వెంటనే తనవైపు తిప్పుకునే ఒక ఇంటరప్ట్ లైను ఉంటాయి. ఆగిన కంప్రెసర్‌ను వెంటనే మళ్లీ తిప్పితే, లోపలి పీడనం ఇంకా సమం కాకపోవడంవల్ల మోటారు మీద విపరీతమైన భారం పడుతుంది. అందుకని ఆగిన తర్వాత కొంత కనీస సమయం గడిచేదాకా రిలేను ఆన్ కానివ్వని టైమర్ ఈ కంట్రోలర్‌లో ఉంటుంది. జరిగిన ప్రతి ఆన్, ఆఫ్‌ను ఇది ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా ర్యామ్‌లో నమోదు చేస్తుంది, అంటే దీనికి డీఎంఏ సౌకర్యం ఉంది.

ఈ పద్ధతి ఎందుకు ఇలా ఉంది

ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో క్యూఎమును మొదలుపెట్టిన తర్వాత కొన్నేళ్లపాటు ప్రతి బోర్డు తన పరికరాలను తన సొంత పద్ధతిలో సృష్టించుకునేది. 2009లో క్యూడెవ్ అనే వ్యవస్థ వచ్చి, పరికరం కింద బస్, బస్ కింద పరికరం అనే చెట్టులో అన్నిటినీ అమర్చింది. పీసీఐ, యూఎస్‌బీ వంటివి అందులో చక్కగా ఇమిడాయి. కానీ ఒక సిస్టమ్ ఆన్ చిప్‌లో ఇంటరప్ట్ కంట్రోలర్‌కు, క్లాకుకు, డీఎంఏ ఇంజిన్‌కు మిగతా పరికరాలతో ఉన్న సంబంధాలు బస్ సంబంధాలు కావు. వాటిని చెప్పడానికి ఆ చెట్టులో చోటు లేదు. అందుకే 2011 చివర, 2012 ఆరంభంలో క్యూఎము ఆబ్జెక్ట్ మోడల్ రూపుదిద్దుకుంది. క్లుప్తంగా క్యూఓఎం అంటారు. అందులో పరికరం ఒక ఆబ్జెక్ట్, దాని అమరికలన్నీ ప్రాపర్టీలు, మరో ఆబ్జెక్ట్‌తో దానికున్న సంబంధం కూడా ఒక ప్రాపర్టీయే. ఈ చివరి మాటను గట్టిగా పట్టుకున్నవారికి మిగతా రూపకల్పన సులువవుతుంది.

మొదట కాగితం మీద సంబంధాలను విడదీయండి

కోడ్ తెరవడానికి ముందు బోర్డు బొమ్మ గీసి, రెండు పరికరాల మధ్య గీసిన ప్రతి గీత పక్కన అది ఏ రకం సంబంధమో రాయండి. రకాలు నాలుగే.

మొదటిది యాజమాన్యం. ఒక ఆబ్జెక్ట్ పోతే దానితోపాటు పోవలసినది ఏది అని అడగండి. దీన్ని చైల్డ్ ప్రాపర్టీ చెబుతుంది. ప్రతి ఆబ్జెక్ట్‌కు యజమాని ఒక్కరే ఉండగలరు, అందుకే మొత్తం యంత్రం ఒకే చెట్టుగా నిలుస్తుంది, చెట్టులో ప్రతి ఆబ్జెక్ట్‌కు ఒకే ఒక్క అసలైన దారి ఉంటుంది. గుంటూరు బ్రాడీపేటలో లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెబితే ఎవరినీ అడగకుండా ఇంటికి చేరినట్టే, ఆ దారి తెలిస్తే నడుస్తున్న యంత్రంలో ఏ ఆబ్జెక్ట్ దగ్గరకైనా చేరవచ్చు. రెండోది వాడకం: ఒక పరికరానికి మరొకటి అవసరం, కానీ దాని సొంతం కాదు. దీన్ని లింక్ ప్రాపర్టీ చెబుతుంది. మన కంట్రోలర్‌కు ర్యామ్‌తో ఉన్నది ఈ సంబంధమే. మూడోది బస్, ఒకే ప్రోటోకాల్ మీద చిరునామాలతో పలికే పరికరాలకు ఇది తగినది. నాలుగోది తీగ: ఇంటరప్ట్‌లు, రిలే లైన్లు, అలర్ట్ పిన్‌లు, క్లాకులు.

ఒకటో గది సెన్సర్‌నే దగ్గరగా చూడండి. దాని యజమాని బోర్డు. అది కూర్చున్నది ఐ2సీ కంట్రోలర్ బస్ మీద. దాని అలర్ట్ పిన్ వెళ్లేది కంప్రెసర్ కంట్రోలర్ ఇన్‌పుట్‌కు. ఒక్క చిన్న చిప్‌కు మూడు వేర్వేరు పరికరాలతో మూడు వేర్వేరు సంబంధాలు ఉన్నాయి. కొత్తగా రాసేవారు ఈ మూడింటినీ ఒకే పాయింటర్‌లో ఇరికించి, సెన్సర్ నిర్మాణాన్ని కంప్రెసర్ కంట్రోలర్ నేరుగా చదివేలా రాస్తారు. మొదట్లో అది పనిచేసినట్టే కనిపిస్తుంది. కానీ ఐ2సీ డ్రైవర్‌లో దోషం ఉన్నా ఆ నమూనాలో బయటపడదు, ఎందుకంటే అసలు బోర్డులో లేని దారి గుండా సమాచారం ప్రవహిస్తోంది. ఎమ్యులేటర్‌లో గీసే ప్రతి సంబంధానికీ హార్డ్‌వేర్‌లో ఒక ఆధారం ఉండాలన్న నియమాన్ని నేను ఎక్కడా సడలించను, మీరూ సడలించవద్దని కోరుతున్నాను.

యజమానిని, పేరును నిర్ణయించండి

పరికరం బోర్డులో విడదీయరాని భాగమైతే, దాని నిర్మాణాన్ని బోర్డు నిర్మాణంలోనే పొదిగి, 'ఆబ్జెక్ట్ ఇనిషియలైజ్ చైల్డ్' ఫంక్షన్‌తో పేరు పెట్టి సృష్టించండి. ఆ ఒక్క పిలుపుతో ఆబ్జెక్ట్ తయారవుతుంది, చైల్డ్ ప్రాపర్టీ ఏర్పడుతుంది, యజమాని పోయినప్పుడు ఇదీ పోతుంది. ఐ2సీ సెన్సర్లను 'ఐ2సీ స్లేవ్ న్యూ'తో సృష్టించినప్పుడు మాత్రం 'ఆబ్జెక్ట్ ప్రాపర్టీ యాడ్ చైల్డ్'తో మీరే యజమానిని చూపించాలి. చూపించకపోయినా ప్రోగ్రామ్ ఆగదు. యజమాని లేని పరికరాన్ని క్యూఎము 'అన్‌అటాచ్డ్' అనే డబ్బాలో వేసి, డివైస్ అన్న పేరుకు ఒక వరుస నంబరు తగిలిస్తుంది. రేపు బోర్డుకు మరో పరికరం చేర్చగానే ఆ నంబర్లు జరుగుతాయి, ఆ దారిని నమ్ముకుని రాసిన పరీక్షా స్క్రిప్టులు తప్పు పరికరాన్ని పట్టుకుంటాయి. కాబట్టి గది1-సెన్సర్, గది2-సెన్సర్ వంటి స్థిరమైన పేర్లు మొదటి రోజే పెట్టండి.

రిజిస్టర్ల మెమరీ రీజియన్‌ను (ప్రాసెసర్‌కు కనిపించే చిరునామాల ముక్కను) సృష్టించే ఫంక్షన్ కూడా యజమానిని అడుగుతుంది. అక్కడ శూన్యం ఇవ్వకుండా మీ పరికరాన్నే ఇవ్వండి. అప్పుడు ఆ రీజియన్ కూడా పరికరం కింద చైల్డ్‌గా చేరి, దాని జీవితకాలం పరికరంతో ముడిపడుతుంది.

ప్రాపర్టీలను ఎంచుకోండి

పరికరంలో దాచుకునే ప్రతి విలువకూ ప్రాపర్టీ అక్కరలేదు. విలువను ఎవరు, ఎప్పుడు మారుస్తారు అన్న ప్రశ్నే ఇక్కడ గీటురాయి.

బోర్డు తయారీదారు నిర్ణయించి, యంత్రం నడుస్తున్నంతసేపు మారనిది అమరిక ప్రాపర్టీ అవుతుంది. గదుల సంఖ్య అటువంటిది. కంప్రెసర్ కనీస విరామ సమయం బోర్డు మీది రెసిస్టర్‌తో ఖరారయ్యేదైతే అదీ అటువంటిదే. వీటిని 'డిఫైన్ ప్రాప్ యూఇంట్32' వంటి మాక్రోలతో ఒక పట్టికలో ప్రకటించి, క్లాస్ ఇనిట్‌లో (ఆ రకం పరికరాలన్నిటికీ కలిపి ఒకసారే నడిచే ఫంక్షన్‌లో) 'డివైస్ క్లాస్ సెట్ ప్రాప్స్' ద్వారా అప్పగిస్తే, పేరు, రకం, డిఫాల్ట్ విలువ, హద్దుల తనిఖీ చాలావరకు వాటంతట అవే సమకూరుతాయి. పరికరం సిద్ధమైపోయాక వీటిని మార్చబోతే క్యూఎమే తిరస్కరిస్తుంది.

ఫర్మ్‌వేర్ రిజిస్టర్ ద్వారా రాసేది ప్రాపర్టీ కాదు, పరికర స్థితి. గది గరిష్ఠ ఉష్ణోగ్రత పరిమితిని ఫర్మ్‌వేర్ రాస్తుంది కాబట్టి దాన్ని ప్రాపర్టీగా కూడా బయటపెడితే ఒకే విలువకు ఇద్దరు అధికారులు ఏర్పడతారు, ఎవరి మాట చెల్లాలో తెలియని స్థితి వస్తుంది.

బయటి ప్రపంచం నుంచి వచ్చేది మూడో రకం. గది ఎంత చల్లగా ఉందన్నది ఫర్మ్‌వేర్ చేతిలో లేదు, బోర్డు తయారీదారు చేతిలోనూ లేదు. టీఎంపీ105 నమూనాలోని టెంపరేచర్ ప్రాపర్టీ ఈ రకానిదే. యంత్రం నడుస్తుండగానే దాన్ని మార్చవచ్చు, మార్చగానే సెన్సర్ తన అలర్ట్ స్థితిని మళ్లీ లెక్కించుకుంటుంది. ఇలాంటివి పట్టిక మాక్రోలకు లొంగవు. చదివే ఫంక్షన్, రాసే ఫంక్షన్ మీరే రాసి 'ఆబ్జెక్ట్ క్లాస్ ప్రాపర్టీ యాడ్'తో చేర్చాలి. ఒక్కొక్క ఆబ్జెక్ట్‌కు విడిగా చేర్చే పాత పద్ధతి కూడా ఉంది కానీ, క్లాస్‌కు చేరిస్తే ఆబ్జెక్ట్‌ను సృష్టించకుండానే ప్రాపర్టీల జాబితా తెలుస్తుంది, మెమరీ కూడా ఆదా అవుతుంది.

పేర్లను చిన్న అక్షరాల్లో, పదాల మధ్య హైఫన్‌తో పెట్టడం ఇక్కడి ఆచారం. కాలం, ఉష్ణోగ్రత వంటి విలువలకు కొలమానాన్ని పేరులోనో వివరణలోనో స్పష్టంగా చెప్పండి. టీఎంపీ105 విలువ డిగ్రీలో వెయ్యో వంతుల్లో ఉంటుందని తెలియనివారు 6 అని రాసి ఆరు డిగ్రీలు పెట్టాననుకుంటారు. నిజానికి పెట్టవలసింది 6000. ఇంకా స్థిరపడని ప్రాపర్టీ పేరు ముందు ఎక్స్ అక్షరం, హైఫన్ చేర్చితే, దానిమీద ఎవరూ ఆధారపడకూడదని అందరికీ తెలుస్తుంది. ఒకసారి బయటికి వెళ్లిన పేరును, డిఫాల్ట్ విలువను మార్చడం ఎంత కష్టమో పెద్ద యంత్రాల పాత వెర్షన్ల కోసం క్యూఎములో ఉన్న పొడవాటి పట్టికలు చూస్తే అర్థమవుతుంది. పాత వెర్షన్ పేరుతో నడిచే యంత్రానికి పాత డిఫాల్టే కనిపించేలా ఆ పట్టికలు కాపాడుతుంటాయి.

రెండు దశలను కలపవద్దు

పరికరం పుట్టుక రెండు దశల్లో జరుగుతుంది. ఇన్‌స్టన్స్ ఇనిట్‌లో ఆబ్జెక్ట్ ఏర్పడుతుంది. ఆ తర్వాత దాన్ని సృష్టించినవారు ప్రాపర్టీలు నింపుతారు. చివరగా రియలైజ్ దశలో పరికరం ఆ విలువలను పరిశీలించి పనిలోకి దిగుతుంది. ఈ క్రమం నుంచి రెండు నియమాలు పుడతాయి.

ఒకటి, ఇన్‌స్టన్స్ ఇనిట్‌లో ప్రాపర్టీ విలువలను వాడకూడదు, ఎందుకంటే అప్పటికి వాటిని ఎవరూ నింపలేదు. గదుల సంఖ్యను బట్టి ఇన్‌పుట్ లైన్లు సృష్టించాలంటే అది రియలైజ్‌లోనే చేయాలి. రెండు, ఇన్‌స్టన్స్ ఇనిట్ విఫలం కాకూడదు, ఆబ్జెక్ట్ బయట ఏ మార్పూ చేయకూడదు. కమాండ్ లైన్‌లో డివైస్ పేరు పక్కన కామా పెట్టి హెల్ప్ అని అడిగినప్పుడు, క్యూఎము ఆ ఆబ్జెక్ట్‌ను ఒకసారి సృష్టించి, ప్రాపర్టీల జాబితా తీసుకుని, వెంటనే పారేస్తుంది. జాబితా అడిగినంతమాత్రాన మీ కోడ్ సిస్టమ్ మెమరీలో రిజిస్టర్లను పరిచేసినా, టైమర్ మొదలుపెట్టినా, లేని పరికరం తాలూకు అవశేషాలు నడుస్తున్న యంత్రంలో మిగిలిపోతాయి. టైమర్లు, బయటి వనరులు, తప్పు విలువల తనిఖీ అన్నీ రియలైజ్‌కే వదిలేయండి. గదుల సంఖ్య సున్నా అయినా, రెండు దాటినా, అక్కడ ప్రోగ్రామ్‌ను ఆపేయకుండా, రియలైజ్‌కు అందిన ఎర్రర్ పాయింటర్‌లో అర్థమయ్యే సందేశం నింపి వెనక్కి రండి. ఆ తప్పుతో ఏంచేయాలో నిర్ణయించే హక్కు పరికరాన్ని సృష్టించినవారిది.

లింక్‌లను జాగ్రత్తగా రాయండి

మన కంట్రోలర్ ర్యామ్‌లో నమోదు చేయాలి. సిస్టమ్ మెమరీ మొత్తాన్ని ఇచ్చే గ్లోబల్ ఫంక్షన్ ఒకటి ఉంది, దాన్ని పరికరం లోపల పిలిస్తే ఒక్క వరుసలో పని ముగుస్తుంది. అయినా ఆ దారిని వదిలి లింక్ ప్రాపర్టీనే వాడండి. అసలు బోర్డులో డీఎంఏ ఇంజిన్‌కు ర్యామ్‌లో ఒక భాగమే కనిపించవచ్చు, లేదా ప్రాసెసర్‌కు కనిపించే చిరునామాలు దీనికి వేరుగా కనిపించవచ్చు. అది బోర్డుకు తెలిసిన విషయం, పరికరానికి తెలియనక్కరలేదు. 'డిఫైన్ ప్రాప్ లింక్' మాక్రోతో మెమరీ రీజియన్ రకానికి లింక్ ప్రకటిస్తే, వేరే రకం ఆబ్జెక్ట్‌ను తగిలించబోయినప్పుడు ఆ తప్పును క్యూఓఎమే పట్టుకుంటుంది. రియలైజ్ అయ్యాక లింక్ మార్చడం కూడా కుదరదు. అయితే లింక్ అసలు పెట్టారా లేదా అన్నది అది చూడదు. రియలైజ్ మొదటి పనిగా ఆ పాయింటర్ శూన్యమో కాదో మీరే చూసి, శూన్యమైతే మెమరీ లింక్ ఇవ్వలేదని చెప్పి ఆగాలి. తనిఖీ దాటాకే ఆ రీజియన్ మీద అడ్రస్ స్పేస్‌ను ప్రారంభించండి.

బలమైన లింక్ తాను చూపే ఆబ్జెక్ట్ తాలూకు రిఫరెన్స్ లెక్కను ఒకటి పెంచి పట్టుకుంటుంది. రెండు పరికరాలు ఒకదానికొకటి బలమైన లింక్‌లు పెట్టుకుంటే ఏ లెక్కా సున్నాకు రాదు, రెండూ ఎప్పటికీ విడుదల కావు. రెండువైపులా లింక్ కావాలనిపించిన చోట సాధారణంగా ఒకవైపు కావలసింది తీగ మాత్రమే అయి ఉంటుంది; కాగితం మీది బొమ్మను మళ్లీ చూడండి.

తీగలను కలపండి

ఇన్‌పుట్లకు 'క్యూడెవ్ ఇనిట్ జీపీఐఓ ఇన్', అవుట్‌పుట్లకు 'క్యూడెవ్ ఇనిట్ జీపీఐఓ అవుట్', ఇంటరప్ట్‌కు 'సిస్‌బస్ ఇనిట్ ఐఆర్‌క్యూ' ఉన్నాయి. పేర్లు పెట్టగల రూపాలు కూడా ఉన్నాయి. అలర్ట్, రిలే అని రెండు జాతుల లైన్లున్న మన పరికరానికి పేర్లు పెట్టడమే మంచిది. వీటిని కలిపే పని బోర్డుది, పరికరానిది కాదు. లోపల చూస్తే ఇన్‌పుట్ లైను ఒక చైల్డ్ ఆబ్జెక్ట్‌గా, అవుట్‌పుట్ లైను దానివైపు చూపే లింక్‌గా ఉంటాయి, అంటే తీగ కూడా పై రెండు సంబంధాలతోనే అల్లినది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. క్యూఎములో తీగకు జ్ఞాపకం లేదు. లైను స్థాయి మార్చడమంటే అవతలి పరికరపు ఫంక్షన్‌ను ఆ క్షణంలో పిలవడమే; తీగ కలపకముందు పంపిన స్థాయి ఎవరికీ చేరదు. టీఎంపీ105 అలర్ట్ పిన్ మామూలు అమరికలో తక్కువ స్థాయికి దిగినప్పుడు హెచ్చరిక, ఎక్కువ స్థాయిలో ఉన్నప్పుడు ప్రశాంతం. మీ కంట్రోలర్ తన ఇన్‌పుట్‌లు మొదట సున్నాలో ఉన్నాయని అనుకుంటే, యంత్రం లేవగానే రెండు గదులూ ప్రమాదంలో ఉన్నట్టు లెక్కిస్తుంది. అందుచేత ఇలాంటి లైన్లకు ప్రారంభ విలువను ఎక్కువ స్థాయిగా మీ పరికరంలోనే పెట్టుకోండి.

బోర్డులో అన్నిటినీ అమర్చేటప్పుడు, ముందు చైల్డ్‌లను సృష్టించి, తర్వాత ప్రాపర్టీలు, లింక్‌లు నింపి, ఆపైన రియలైజ్ చేసి, చివరగా రిజిస్టర్లను మెమరీ మ్యాపులో పరిచి తీగలు కలపండి. టీఎంపీ105 తన పిన్‌ను రియలైజ్‌లోనే సృష్టిస్తుంది కాబట్టి దాని విషయంలో ఈ క్రమం తప్పనిసరి. ఇదే కారణంవల్ల ఈ సెన్సర్లను కమాండ్ లైన్ నుంచి చేర్చకుండా బోర్డు కోడ్‌లోనే చేరుస్తున్నాం. కమాండ్ లైన్‌లో బస్, చిరునామా చెప్పగలం గానీ అలర్ట్ తీగను కలపలేం.

రీసెట్, మైగ్రేషన్

రీసెట్‌లో ఫర్మ్‌వేర్ రాసిన స్థితి తుడిచిపెట్టుకుపోవాలి, అమరిక ప్రాపర్టీలు అలాగే ఉండాలి. రీసెట్ యాజమాన్య చెట్టు వెంట కాక ప్రధానంగా బస్ చెట్టు వెంట నడుస్తుందని గుర్తుంచుకోండి. సిస్‌బస్ (మెమరీ మ్యాపులో పరిచే పరికరాల కోసం క్యూఎములో ఉన్న ప్రధాన బస్) మీద ఉన్న మన కంట్రోలర్‌కు ఇబ్బంది లేదు. ఏ బస్‌కూ చెందని పరికరాన్ని రాస్తే మాత్రం దాని రీసెట్ బాధ్యతను ఎవరో ఒకరు ప్రత్యేకంగా తీసుకోవాలి. 2020 నుంచి రీసెట్‌ను మూడు దశలుగా విడదీసే అవకాశం ఉంది. మొదటి దశలో సొంత స్థితిని మాత్రమే సర్దుకుని, లైన్ల స్థాయిని రెండో దశలో మార్చండి. అలా చేస్తే ఇంకా రీసెట్ కాని పొరుగు పరికరానికి తప్పుడు సంకేతం వెళ్లదు.

నడుస్తున్న యంత్రం స్థితిని భద్రపరిచి మళ్లీ తెరవాలన్నా, మరో క్యూఎముకు తరలించాలన్నా (దీన్నే మైగ్రేషన్ అంటారు) వీఎం స్టేట్ వివరణ, అంటే ఏయే విలువలను భద్రపరచాలో చెప్పే పట్టిక రాయాలి. అందులో రిజిస్టర్లు, ఇన్‌పుట్ లైన్ల ప్రస్తుత స్థాయిలు, విరామ టైమర్ ఉండాలి. టైమర్‌ను మరిచిపోతే, ఆగిన కంప్రెసర్ తెరిచిన యంత్రంలో మళ్లీ ఎప్పటికీ మొదలుకాకపోవచ్చు. అమరిక ప్రాపర్టీలను, లింక్‌లను అందులో చేర్చవద్దు. స్థితిని తిరిగి తెరిచే వైపు యంత్రం అవే అమరికలతో ముందే నిర్మితమై ఉంటుందన్నది ఈ పద్ధతికి పునాది. టైమర్‌కు వాడేది వర్చువల్ క్లాక్ అయి ఉండాలి, అప్పుడే యంత్రాన్ని ఆపినప్పుడు విరామ సమయం కూడా ఆగుతుంది.

నడిపి సరిచూడండి

యంత్రాన్ని ప్రారంభించి, మానిటర్‌లో (నడుస్తున్న క్యూఎముకు కమాండ్లు ఇచ్చే కన్సోల్‌లో) 'ఇన్ఫో క్యూఓఎం-ట్రీ' అడగండి. బోర్డు కింద రెండు సెన్సర్లు, కంట్రోలర్, వాటి కింద లైన్లు, మెమరీ రీజియన్లు మీరు పెట్టిన పేర్లతో కనిపించాలి. అన్‌అటాచ్డ్ కింద మీ పరికరం ఏదైనా కనిపిస్తే యజమానిని చూపించడం మరిచారని అర్థం. తర్వాత 'ఇన్ఫో క్యూట్రీ' అడగండి. అది బస్ చెట్టు కాబట్టి అవే సెన్సర్లు అక్కడ ఐ2సీ బస్ కింద కనిపిస్తాయి. రెండు జాబితాలనూ కాగితం మీది బొమ్మతో గీత గీతకూ పోల్చండి.

ఆపైన 'క్యూఓఎం-సెట్' కమాండ్‌కు /మెషీన్/గది1-సెన్సర్ అనే దారి, టెంపరేచర్ అనే పేరు, 6000 అనే విలువ ఇవ్వండి. ఫర్మ్‌వేర్ ఐ2సీ ద్వారా ఆరు డిగ్రీలు చదవాలి. ఇప్పుడు 6300 ఇస్తే ఫర్మ్‌వేర్‌కు ఇంకా ఆరే కనిపిస్తుంది. మీ కోడ్‌లో తప్పుందని కంగారుపడకండి: ఈ చిప్ మొదట తొమ్మిది బిట్ల స్పష్టతతో, అంటే అర డిగ్రీ మెట్లతో పనిచేస్తుంది, నమూనా దాన్ని నిజాయితీగా పాటిస్తుంది. కాన్ఫిగరేషన్ రిజిస్టర్‌లో పన్నెండు బిట్లు ఎంచుకుంటే తేడా కనిపిస్తుంది. 'క్యూఓఎం-గెట్'తో వెనక్కి చదివితే 6300కు కొద్దిగా తక్కువ విలువ రావచ్చు, ఎందుకంటే లోపల నిల్వ డిగ్రీలో 256వ వంతుల్లో జరుగుతుంది. పరీక్షల్లో ఖచ్చితమైన సమానత్వాన్ని కోరవద్దు. 150000 ఇచ్చి చూడండి, ప్రాపర్టీ ఆ విలువను హద్దు దాటిందని తిరస్కరించాలి. మీ సొంత ప్రాపర్టీల రాసే ఫంక్షన్లు కూడా ఇంత స్పష్టంగానే తిరస్కరించాలి.

చివరగా 12000 ఇచ్చి అలర్ట్ కోసం చూడండి. ఫర్మ్‌వేర్ ఇంకా పరిమితులు రాయకపోతే ఏమీ జరగదు, ఎందుకంటే ఈ చిప్ పుట్టుకతో వచ్చే పరిమితులు పైన 80, కింద 75 డిగ్రీలు. మిర్చి గదికి అవి ఎందుకూ పనికిరావు. ఫర్మ్‌వేర్ పై పరిమితిని 8, కింది పరిమితిని 6 డిగ్రీలుగా రాశాక మళ్లీ 12000 ఇస్తే, అలర్ట్ పిన్ దిగి, కంట్రోలర్ ఇంటరప్ట్ లేపి, విరామ సమయం ముగిసి ఉంటే ఒకటో రిలే ఆన్ కావాలి. వెంటనే 5000కు దించి, ఫర్మ్‌వేర్ రిలేను ఆపాక, తిరిగి 12000కు పెంచండి. ఈసారి ఇంటరప్ట్ రావాలి, కానీ ప్రాపర్టీలో పెట్టిన విరామం పూర్తయ్యేదాకా రిలే కదలకూడదు. ఆ విరామం మధ్యలో స్థితిని భద్రపరిచి, క్యూఎమును మూసి, మళ్లీ తెరిచి, మిగిలిన సమయం తర్వాతే రిలే ఆన్ అవుతోందో లేదో చూడండి. అది కూడా సరిగా జరిగితే ఈ వరుసనంతా ఒక క్యూటెస్ట్ (ఫర్మ్‌వేర్ నడపకుండా, పరీక్షా ప్రోగ్రామే రిజిస్టర్లను చదివి రాసే క్యూఎము పద్ధతి) ప్రోగ్రామ్‌గా రాసి, కోడ్ మార్చిన ప్రతిసారీ నడపండి.